మామిడిపిందె పడవలసిన చోటు

మా చిన్నమ్మ ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తుంది. అమ్మకు ఆమె సొంత చెల్లెలు. పెళ్ళయి ఆ ఊరికి పోయిన కొత్తలో, చీరల అంగడి వెనకగదిలో కూర్చుని గళ్ళకాగితం మీద పెన్సిలుతో పువ్వులు గీయడం మొదలుపెట్టిందట. నింపిన గడి దగ్గర జరీ పైకి తేలుతుంది, వదిలేసిన గడి దగ్గర పట్టు కనిపిస్తుంది. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి. కొన్నాళ్ళకు ఎవరి కొంగు మీదనో హంసలు వరసగా నడుస్తాయి.

వేసవి సెలవుల్లో హిందూపురం నుంచి రైలెక్కి ఆమె దగ్గరికి పోయేదాన్ని. ఆమె పక్కన బోర్లా పడుకుని, చూపంతా పెన్సిలు మొన మీదే పెట్టి చూసేదాన్ని. ఒక హంస మెడ గీస్తుంటే నాకు మెట్లు మాత్రమే కనిపించేవి. పక్కకొక గడి, పైకి రెండు గళ్ళు, మళ్ళీ పక్కకొక గడి.

"ఇది మెడ కాదు చిన్నమ్మా, మెట్లు" అన్నాను ఒకసారి.

ఆమె కాగితం పట్టుకుని లేచి, గది ఆ కొసన గోడకు ఆనించి నిలబడింది. "ఇప్పుడు చూడు."

మెట్లు మాయమై మెడ వంగింది. నేను దగ్గరికి పోతే మెట్లు, వెనక్కి వస్తే మెడ. ఆ సాయంత్రం ఎన్నిసార్లు ముందుకు వెనక్కు నడిచానో. పెద్దయ్యాక కాలేజీలో కంప్యూటరు తెర కూడా గళ్ళే, బొమ్మ అంటే నిండిన గళ్ళే అని పాఠం చెప్పినప్పుడు తక్కినవాళ్ళు రాసుకుంటున్నారు. నేను మాత్రం ధర్మవరంలో ఆ గదిగోడను తలుచుకుంటూ కూర్చున్నాను.

తర్వాత కాలం మారింది. చిన్నమ్మ గళ్ళకాగితం వదిలి కంప్యూటరు మీద గీయడం నేర్చుకుంది. చిన్నాయన అంగడి ముందరి భాగం చూసుకుంటే వెనకగదిలో ఆమె రాజ్యం. నేను చదువు ముగించి బెంగళూరు కంపెనీలో చేరాను. వారంలో కొన్నాళ్ళు పొద్దున రైలుకు బెంగళూరు పోయి రావడం, తక్కిన రోజులు హిందూపురంలో నాయన చింతపండు మండీ పైగదిలో కూర్చుని పని చేయడం. నా పని తెర మీద మనుషులు చూసేవి తయారుచేయడం. విండోలు, వాటిలో బటన్లు, నొక్కితే కిందికి జారే జాబితాలు. అన్నీ బ్యాంకుల కోసం, ఆఫీసుల కోసం. ఆ విండోలను ఎవరు తెరుస్తారో, తెరిచి ఏమనుకుంటారో నాకు తెలియదు.

అట్లా ఉండగా చిన్నమ్మ కళ్ళకు జబ్బు చేసింది.

మొదట గళ్ళు వంకరగా కనిపిస్తున్నాయంది. తర్వాత చూపు నడిమధ్యలో పొగలాంటిది నిలిచింది. ఒక కంటితో మొదలై రెండో కంటికి వచ్చింది. డాక్టర్లు పరీక్షలు చేసి, పోయిన చూపు రాదు, అంచుల్లో ఉన్న చూపు మాత్రం ఉంటుంది, దాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి అన్నారు.

ఆ తర్వాత నేను చూడడానికి పోయినప్పుడు ఆమె నాతో మాట్లాడుతూ నా తలమీదుగా వెనక గోడను చూస్తూ ఉంది. నామీద కోపమేమో అనుకున్నాను.

"ఏం చిన్నమ్మా, నా వంక చూడవా?"

"నీ వంకే చూస్తాండా పాపా. నేరుగా చూస్తే నీ జడ, నీ చెవులు కనపడతాండాయి. మొగమే కనపడదు. కొంచెం పైకి చూస్తే మొగం కింద కనపడతాంది" అంది, ఏదో వంట సంగతి చెబుతున్నట్టుగా.

ఆమె ఊరికే నవ్వి, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

వెనకగది మూతపడింది. డిజైన్లు బయట గీయించుకుని తేవడం మొదలుపెట్టాడు చిన్నాయన. చిన్నమ్మ పంచలో కూర్చుని చేటలో చెనక్కాయలు ఒలిచేది. చేతులు ఊరికే ఉండలేవు ఆమెకు. ఒలిచిన గింజలను కూడా చేటలో వరసలుగా పేర్చడం చూశాను.

ఒక శనివారం అడిగింది. "నీ ఆఫీసులో నువ్వేం చేస్తావు పాపా? సరిగ్గా ఎప్పుడూ చెప్పనే లేదు."

చెప్పాను. విండోలు చేస్తానని, అవి పెద్దవి, చిన్నవి అవుతాయని, జరుగుతాయని.

"పెద్దవి అవుతాయా? అట్లయితే నాకొక భూతద్దం మాదిరి విండో చేసియ్యి. గడి ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత కనపడల్ల."

ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న ఉద్యోగంలో, ఇది నాకు చేసిపెట్టు అని ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని అడగడం అదే మొదటిసారి. రైలెక్కి హిందూపురం చేరేదాకా కాగితం మీద బొమ్మలు గీసుకుంటూనే ఉన్నాను.

మొదట చేసింది సులభమైన పని. కొంగు డిజైను మొత్తాన్ని ఒకే విండోలో ఎన్నో రెట్లు పెద్దది చేసి చూపించాను. మరుసటి శనివారం ల్యాప్‌టాప్‌లో తీసుకుపోయి ఆమె ముందర పెట్టాను. ఆమె గళ్ళ మీద మౌసు కదిలించింది. కళ్ళు తెర పైన ఉన్న గోడను చూస్తున్నాయి.

"ఆకు కనపడతాంది," అంది. మౌసు ఇంకాస్త జరిపింది. "ఇంకో ఆకు. ఇది యాడి ఆకు పాపా? తీగ ఎటు పోతాంది? చెట్టు యాడుండాదో తెలియకుండా ఆకు గీస్తే ఏం లాభం?"

నిజమే. దగ్గరగా చూసేది ఒకటి ఉండాలి, దూరంగా చూసేది ఇంకొకటి ఉండాలి. రెండూ ఒకేసారి కళ్ళముందర ఉండాలి. ఒక విండోలో కొంగు మొత్తం, ఇంకొక విండోలో బుటాలు పెద్దపెద్దగా. మామిడిపిందె, హంస, గండభేరుండం, తీగమలుపు, ఏది కావాలంటే అది ఆ పెద్ద విండోలో పట్టుకుని, లాక్కొచ్చి, కొంగు విండోలో తనకు కావలసిన చోట వదిలేయాలి. ఒక్క తెర మీద ఇంత పెద్ద విండోలు రెండు పట్టవు. రెండో తెర కావాలి.

పెనుకొండలో నా కాలేజీ స్నేహితురాలు ఉంది. అక్కడ బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. వాళ్ళింట్లో పాత తెర ఒకటి అటక మీద ఉందని, ఊరికే తీసుకుపొమ్మని చెప్పింది. రైలు పెనుకొండలో ఆగేది కాసేపే. నేను దిగనక్కరలేకుండా ప్లాట్‌ఫారం మీదికి తెచ్చిస్తానంది.

"నేను మూడో పెట్టెలో ఉంటా" అని ఫోనులో చెప్పాను.

రైలు ఆగింది. తలుపు దగ్గర నిలబడి చూస్తే ఎదురుగా ఎవరూ లేరు. దూరంగా, రైలు తోకవైపు, దుప్పటిలో చుట్టిన తెరను చంటిబిడ్డలా రొమ్ముకు హత్తుకుని నా స్నేహితురాలు పరుగెత్తుకొస్తోంది. నేను చేయి ఊపుతున్నాను. ఆమె జనం మధ్యనుంచి తోసుకుంటూ వచ్చి తెరను నా చేతుల్లో పడేసింది.

"మూడో పెట్టె అంటివి గదే!"

"మూడోదే గదా ఇది!"

"యాడినుంచి మూడోది? నేను వెనకనుంచి లెక్కపెడితిని!"

రైలు కదిలింది. ఆమె రొప్పుతూ, నడుముమీద చేయి పెట్టుకుని నవ్వుతూ నిలబడిపోయింది. నేను తలుపు దగ్గర తెర పట్టుకుని పెనుకొండ కొండ మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఇద్దరమూ సరిగ్గానే లెక్కపెట్టాము. మొదలుపెట్టిన చోటు వేరు, అంతే.

ధర్మవరంలో వెనకగది తలుపులు తెరిచి, బల్ల తుడిచి, కొత్తగా వచ్చిన పాత తెరను ఎడమవైపు పెట్టాను. కుడివైపు అక్కడ ముందునుంచీ ఉన్న తెర. చిన్నమ్మ తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. చిన్నాయన కూడా అంగడి ఇంకొకరికి అప్పజెప్పి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

చిన్నమ్మ మొదట తన మెడకు, తన చూపుకు అనువుగా విండోలను జరుపుకుంది. బుటాల విండో పూర్తిగా ఎడమ తెరమీదికి. కొంగు విండో కుడితెర మీద కాస్త కిందికి. తర్వాత మామిడిపిందెను పట్టుకుని, మెల్లగా లాక్కొచ్చి, కొంగు నట్టనడుమ వదిలింది.

అది ఎక్కడో అంచు పక్కన పడింది.

మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది. ఈసారి అసలు కొంగు మీదనే పడలేదు. మూడోసారి హంసను తీసుకుంది. హంస పోయి తీగల నడుమ ఇరుక్కుంది.

"నేను ఆడ వదిలితే ఇది ఈడ పడతాంది" అంది మెల్లగా. కాసేపు చేయి మౌసు మీదనే ఉంచింది. తర్వాత తీసేసి ఒడిలో పెట్టుకుంది. "నీ తప్పు కాదులే పాపా. నా కండ్లదే. యాడ వదుల్తాండానో నాకే తెలుస్తాండలేదు."

"నీ కండ్లది కాదు చిన్నమ్మా! నువ్వు సరిగ్గానే వదిలితివి, నేను చూస్తిని."

ఆమె నమ్మలేదు. లేచి వంటింట్లోకి పోయింది. చిన్నాయన గొంతు తగ్గించి, "వదిలెయ్ పాపా. ఆమెకు ఊరికే ఆశ పెట్టి ఏడిపించేది వద్దు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. అన్నాళ్ళూ ఆయన వెనకగది ఎందుకు మూసి ఉంచాడో నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లోవాళ్ళు నడుము వాల్చారు. నేను వెనకగదిలో కూర్చున్నాను. మగ్గాల చప్పుడు వీధి చివరనుంచి వినిపిస్తోంది.

తెర మీద ప్రతి విండోకూ దాని లెక్క దానిది. దాని ఎడమ పైమూల దానికి సున్నా. అక్కడినుంచి కుడికి ఎంత, కిందికి ఎంత అని చెబుతుంది. తెరమీద దాన్ని ఎక్కడికి జరిపినా ఆ విండోకు పట్టదు. తన మూల తనకు ఎప్పుడూ సున్నానే. ఇదంతా నాకు తెలియని సంగతి కాదు. తెలిసినదాన్ని ఆ రోజు ఒక్కొక్క అంకెగా కళ్ళతో చూడవలసి వచ్చింది. మౌసు కదిలినప్పుడల్లా అది ఎక్కడుందో అంకెలు తెర మూలలో పడేటట్టు చేసి, చిన్నమ్మ చేసినట్టే మామిడిపిందెను పట్టుకుని లాగాను.

పిందె బుటాల విండో దాటింది. కొంగు విండోలోకి వచ్చింది. అంకెలు మాత్రం ఇంకా బుటాల విండో మూలనుంచే వస్తున్నాయి. మౌసును ఏ విండోలో నొక్కి పట్టుకుంటే, వదిలేదాకా ఆ విండోనే దాని సంగతి చెబుతుంది. నేను ఆ అంకెను తీసుకుపోయి కొంగు విండోకు ఇస్తున్నాను. కొంగు విండో పాపం దాన్ని తన మూలనుంచి లెక్కపెట్టుకుంటోంది. యాడినుంచి మూడోది అని నా స్నేహితురాలు అరిచిన అరుపు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మరి హిందూపురంలో ఎట్లా పనిచేసింది? మా పైగదిలో నేను రెండు విండోలను చిన్నవి చేసి పక్కపక్కన పెట్టుకుని, వాటి మధ్య తేడా ఎంతో చూసి, ఆ అంకెను ప్రోగ్రాంలో రాసేశాను. విండోలు అక్కడే ఉన్నంతసేపు లెక్క సరిపోయింది. చిన్నమ్మ వాటిని తనకు కావలసినట్టు జరుపుకుంది. జరుపుకోకపోతే ఆమెకు అవి ఎందుకు?

ఆ అంకెను కొట్టేశాను. దాని బదులు, పిందె వదిలిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు అడిగేటట్టు రాశాను. మొదట బుటాల విండోను: నీ మూల తెరమీద ఇప్పుడు ఎక్కడుంది? దాన్ని కలుపుకుంటే పిందె తెరమీద ఎక్కడుందో వస్తుంది. తర్వాత కొంగు విండోను: మరి నీ మూల ఎక్కడుంది? దాన్ని తీసేస్తే పిందె కొంగులో ఎక్కడుందో వస్తుంది. ఒక విండోనుంచి ఇంకొక విండోకు నేరుగా దారి లేదు. తెరమీదికి వచ్చి, తెరమీదినుంచి పోవాలి.

కుడితెర మీద రెండు విండోలూ చిన్నవి చేసి పెట్టి చూశాను. పిందె వదిలినచోటే పడింది. బుటాల విండోను ఎడమతెర మీదికి జరిపాను. పిందె మళ్ళీ దూరంగా పోయి పడింది.

కాసేపు తల పట్టుకుని కూర్చుని, మళ్ళీ అంకెలు చూశాను. కుడితెర మూల ఈ కంప్యూటరుకు సున్నా. అక్కడినుంచి మౌసును ఎడమకు లాగుతుంటే అంకె తగ్గుతూ వచ్చింది. పది, అయిదు, రెండు, సున్నా. మౌసు తెర అంచు దాటింది. ఎడమతెరలోకి అడుగుపెట్టింది. మైనస్ ఒకటి. మైనస్ రెండు. మైనస్ వంద.

నేను మౌసును ఆ హద్దు మీద అటూ ఇటూ కదిలిస్తూ ఉండిపోయాను. ఒకటి పెనుకొండలో అటక మీద దుమ్ము పట్టిన తెర. ఒకటి ఎన్నో ఏళ్ళుగా ఈ బల్లమీద ఉన్న తెర. సైజు వేరు, రంగు వేరు, మధ్యలో రెండు నల్లని చట్రాలు. లోపల మాత్రం రెండూ కలిసి ఒకే నేల. ఆ నేలమీద ఎడమకు ఎంత దూరం పోయినా ప్రతి చుక్కకూ ఒక చోటు ఉంది, ఆ చోటుకొక అంకె ఉంది. ఇంకొక తెర తెచ్చి పక్కన పెడితే నేల అక్కడికీ పరుచుకుంటుంది. చదువుకున్నాను, జీతం తీసుకుని పని చేశాను, అయినా మొదటిసారి సముద్రం చూసినదానిలా నా ఒళ్ళు జలదరించింది.

ఎప్పుడో ఒకే తెర మీద పని చేస్తున్న రోజుల్లో, సున్నాకంటే తక్కువ వస్తే సున్నాగానే తీసుకో అని ఒక వరస రాసి పెట్టుకున్నాను. తెరకు అవతల ఏముంటుందిలే అనుకుని రాసింది. అదే ఈ ప్రోగ్రాంలోకీ వచ్చి, ఎడమతెర మైనస్ అంకెలన్నిటినీ సున్నా చేసేస్తోంది. ఆ వరసను తీసేశాను.

చిన్నమ్మ లేచి కాఫీ పెట్టుకుని గదిలోకి వచ్చేసరికి నేను ఆమె కుర్చీ పక్కకు లాగి సిద్ధంగా ఉన్నాను.

"మళ్ళీనా పాపా?"

"ఒక్కసారి కూర్చో చిన్నమ్మా. ఒక్క పిందె."

కూర్చుంది. పట్టుకుంది. లాక్కొచ్చింది. రెండు తెరల మధ్య పిందె ఒక క్షణం సగం ఇటు, సగం అటు కనిపించింది. కొంగు నట్టనడుమ వదిలింది.

పిందె అక్కడే పడింది.

నేను "పడింది చిన్నమ్మా" అనబోయాను. ఆమె చేయెత్తి ఆపింది. గోడమీది క్యాలెండరును చూస్తున్నట్టుగా కళ్ళు పైకెత్తి, మెడ మెల్లగా తిప్పుతూ చాలాసేపు ఉంది.

"చెప్పొద్దు. నాకు కనపడతాంది."

తర్వాత ఆమె చేసింది చూసి నేనే నోరు తెరిచాను. బుటాల విండోను పట్టుకుని పైకి నెట్టింది. పిందె వదిలింది. సరిగ్గా పడింది. విండోను కిందికి లాగింది. సరిగ్గా పడింది. కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చింది. ఒకదాని మీద ఒకటి ఎక్కించింది. సగం విండో ఒక తెరమీద, సగం ఇంకో తెరమీద పెట్టింది. ప్రతిసారీ పిందె ఆమె చెయ్యి వదిలినచోటే పడింది. బజారులో కుండను తట్టి తట్టి చూసినట్టు చూసింది.

"యాడికి జరిపినా దీనికి దారి తెలుస్తాందే!" అంది. చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎట్ల తెలుస్తాంది పాపా దీనికి?"

చెప్పాను. మూలల సంగతి, సున్నా సంగతి, సున్నాకు అవతలి సంగతి. ఆమె మధ్యమధ్య ప్రశ్నలడుగుతూ శ్రద్ధగా వింది.

చిన్నాయన ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చిన్నమ్మ పక్కన చల్లారిపోయి ఉన్న కాఫీ గ్లాసు తీసుకుపోయి, వేడి చేసి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఆఫీసులో ఇట్లాంటి లెక్కలు ఎన్నోసార్లు రాశాను. బటన్ నొక్కితే జాబితా దాని కిందనే తెరుచుకోవాలంటే ఇదే లెక్క. ఎవరూ దాన్ని చూడరు. సరిగ్గా ఉంటే అది ఉన్నట్టే తెలియదు. ఒక మనిషి ఊపిరి బిగబట్టి ఆ లెక్క తేలేదాకా చూడడం, తేలాక కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను ఆ మధ్యాహ్నమే చూశాను.

చిన్నమ్మ మళ్ళీ పనిలో పడింది. మునుపటంత వేగం లేదు. ఒక అంచు గీయడానికి మునుపటికంటే చాలా రోజులు పట్టేది. రంగులు ఎంచుకోవడంలో తడబడితే ఫోను చేసి నన్ను అడిగేది. నేనూ శనివారం శనివారం పోయి ఆమె చెప్పిన మార్పులు చేసేదాన్ని.

ఒక ఆదివారం ఆమె హిందూపురం వచ్చి, లేపాక్షికి పోదామంది. పూర్వం కొత్త తీగలు కావాలంటే అక్కడి స్తంభాలు చూసి గీసుకొచ్చేది. ఆటోలో పోయాము. తీగలు చెక్కిన స్తంభాల మధ్య ఆమె ఒక స్తంభం ముందర నిలబడి, ఈసారి పైకి చూడకుండా, నేరుగా చూసింది. చాలాసేపు కదలలేదు.

"ఏం చూస్తాండావు చిన్నమ్మా?"

"నడుమ ఏమీ లేదు. పొగ. దాని చుట్టూరా తీగలు. ఎంత అందంగా ఉండాదంటే..." అని ఆగింది. "ఇన్నాళ్ళూ దీన్ని తప్పించుకుని పక్కనుంచి చూస్తాంటిని పాపా. ఈపొద్దు దీన్నే చూస్తాండా."

తర్వాతి వారాల్లో ఆమె ఏం గీస్తోందో నాకు చూపించలేదు. చివరికి పిలిచి చూపించినప్పుడు నేను కుర్చీ అంచున కూర్చుండిపోయాను. కొంగు నట్టనడుమ ఒక్క బుటా లేదు. బూడిదరంగు కలిసిన ఊదా పట్టు, గుండ్రమూ కాని చదరమూ కాని ఖాళీ. దాని ఒడ్డున తీగలు పలచగా మొదలై, బయటికి పోయేకొద్దీ దట్టమై, అంచుల దగ్గర ఆకులూ పిందెలూ పక్షులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. కుడివిండోలో మొత్తం చూశాను, ఎడమవిండోలో ఒక్కొక్క ఆకూ చూశాను. ఒక్క గడి కూడా తప్పిపోలేదు.

"నాకు లోకం కనపడేది ఇట్లే" అంది చిన్నమ్మ. "మీరందరూ అడుగుతాంటిరి గదా, ఎట్ల కనపడతాందని. నోటితో చెప్పలేకపోతిని."

మగ్గం నేసే ఆయన డిజైను చూసి తల గోక్కున్నాడు. "ఏమ్మా, కొంగు నడుమ మరిచిపోయినట్టుండావే? కొంగంటే నడిమధ్యనే గదమ్మా చూస్తారు!" చిన్నమ్మ నవ్వి, మరిచిపోలేదు, అట్లే నెయ్యి అంది. చిన్నాయనకు కూడా మనసులో అనుమానమే. అయినా, "ఆమె ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు.

చీర మగ్గం దిగిన రోజు నేను సెలవు పెట్టి పోయాను. పంచలో మంచం మీద తెల్లని గుడ్డ పరిచి, దానిమీద కొంగు విప్పారు. ఎండ పక్కనుంచి పడుతోంది. అంచుల్లో జరీ మండుతున్నట్టు మెరుస్తుంటే, నడుమ ఆ ఊదారంగు పట్టు నిశ్శబ్దంగా ఉంది. అంగడికి వచ్చినవాళ్ళు కూడా లోపలికి వచ్చి చూశారు. చిలమత్తూరునుంచి కూతురి పెళ్ళికి చీరలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఆ ఖాళీ మీద అరచేయి పెట్టి అట్లాగే ఉంచింది.

"ఇది ఎవరు గీసిందమ్మా?"

"నేనే" అంది చిన్నమ్మ.

"నడుమ ఎందుకు వదిలితివి?"

చిన్నమ్మ దాచుకోకుండా చెప్పింది. ఆవిడ విని, "మా అవ్వకు కూడా ఇట్లే ఉండె. మేమంతా ఆమెకు కండ్లే కనపడవనుకుంటిమి. ఇంత కనపడతాందని ఎవరికి తెలుసు?" అంది. ఆ చీర తనకోసం తీసుకుంటానని, కూతురికి వేరేది చూపించమని చిన్నాయనతో చెప్పింది.

వాళ్ళిద్దరూ ముందరికి పోయాక చిన్నమ్మా నేనూ మంచం పక్కన మిగిలాము. నేను చీర మడత పెట్టబోయాను. ఆమె ఉండమంది. మంచం చుట్టూ మెల్లగా నడుస్తూ, వేళ్ళతో అంచు మీది ఆకులను తడుముతూ, ఒక్కోచోట ఆగి, నాకు వాటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఇది లేపాక్షి స్తంభం మీది మలుపు. ఈ పక్షి ముక్కును తాను మూడుసార్లు చెరిపి గీసిందట. ఈ ఆకు మాత్రం తనకే తెలియకుండా బాగా కుదిరింది. నేను ఆమె వెనకాలే మంచం చుట్టూ తిరుగుతూ వింటున్నాను.